సంతకం సరిపోయింది

ఖరగ్‌పూర్ గోల్‌బజార్‌లో చేపల వరస దాటుతుండగా ప్రేమ్‌కుమార్ మెడ మీద ఏదో చురుక్కుమంది. దోమ అనుకుని అరచేత్తో చరుచుకున్నాడు. వెనక్కి తిరిగితే సంచులు పట్టుకున్న జనం, దారి కోసం హారన్ కొడుతున్న టోటో రిక్షా, వాన వెలిసినా మడవని గొడుగులు. తనవైపు చూస్తున్నవాళ్ళెవరూ లేరు. అక్క నూకాలమ్మ ఎండుచేపల కొట్టు దాకా మామూలుగానే నడిచాడు. కొట్టు ముందు గోనెబస్తా మీద కూర్చున్నాడు. మళ్ళీ లేవలేదు.

డాక్టరు గుండెపోటని రాశాడు. రైల్వే సిగ్నళ్ళకు కంప్యూటర్లు తయారుచేసే ఒక చిన్న ప్రైవేటు కంపెనీలో అతను ఇంజనీరు. పెళ్ళి కాలేదు. వర్క్‌షాపు కాలనీ తెలుగువాళ్ళంతా శవం వెంట నడిచి వెళ్ళి, స్నానాలు చేసి, మర్నాడు డ్యూటీలకు వెళ్ళిపోయారు.

చనిపోయే ముందు అతను పంపిన మెసేజ్ ఒకటి మాత్రం కలకత్తా చేరింది.

ఓడల బీమా కంపెనీ బోర్డు తగిలించిన పాత మేడలో గణపతిరావు ఆ మెసేజ్‌ని స్క్రీన్ మీద పెట్టాడు. గూఢచారి శాఖకు తూర్పు ప్రాంతం చీఫ్ ఆయన. ఎదురుగా ఏజెంట్ అమర్‌నాథ్ కూర్చున్నాడు.

"పెట్టె నిద్ర లేచేటప్పుడే చెడుతోంది. సంతకం నాదే. త్వరగా రండి."

"ఏ పెట్టె, సార్?"

"ఖరగ్‌పూర్ శివారు క్యాబిన్‌లో సిగ్నల్ కంప్యూటర్. ఇతని కంపెనీదే. శనివారం పగలు దాని పవర్ సప్లై మార్చి రీస్టార్ట్ చేస్తారు."

"రీస్టార్ట్ ఆపిద్దాం."

"ఇలాంటివి ఇంకెన్ని చోట్ల పెట్టారో తెలీదు. ఇది ఆపితే వెనకున్న విదేశీ ముఠా చెదిరిపోతుంది. మనకు మనుషులు చిక్కాలి."

చీఫ్ రెండు ఫొటోలు ముందుకు జరిపాడు. మొదటిది విజయ్‌కుమార్‌ది. ప్రాజెక్ట్ హెడ్. శాఖ అతన్ని పుట్టుక దగ్గర్నుంచి జల్లెడ పట్టింది, అన్ని తనిఖీలూ పాసయ్యాడు. ఖరగ్‌పూర్‌లో అమర్‌నాథ్‌కి సాయం అతనే. రెండో ఫొటోలో పొట్టి జుట్టు, నల్లకళ్ళద్దాలు, ఎవరినీ లెక్కచెయ్యని నవ్వు. పేరు కిరణ్మయి. విజిటింగ్ కార్డు మీద విదేశీ కన్సల్టెంట్, అసలు పని ముఠాకి సమాచారం చేరవెయ్యడం. ప్రేమ్‌కుమార్‌తో కొంతకాలంగా సన్నిహితంగా తిరిగింది.

"అందంగా ఉంటుంది. జాగ్రత్త," అన్నాడు చీఫ్.

టెక్నికల్ సెక్షన్ వాళ్ళు అమర్‌నాథ్‌కి ఒక స్టీల్ టిఫిన్ బాక్సు ఇచ్చారు. పై అరలో పులిహోర పెట్టుకోవచ్చు. అడుగు అరలో చిప్ రీడర్ ఉంది. దాని క్లిప్పు కంప్యూటర్ చిప్పుకి తగిలిస్తే లోపలున్న ప్రోగ్రాముని చదివి, కంపెనీ డిజిటల్ సంతకం సరైనదో కాదో చెబుతుంది.

శ్రీకాకుళం నుంచి వచ్చిన ఎండుచేపల వర్తకుడి వేషంలో అమర్‌నాథ్ నూకాలమ్మ కొట్టుకి వెళ్ళాడు. అతని సొంతూరు ఆ వైపే కాబట్టి యాస కోసం కష్టపడనక్కర్లేకపోయింది. నూకాలమ్మ ముత్తాత టెక్కలి నుంచి రైలు పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడట. భర్త వర్క్‌షాపులో పనిచేసి పోయాక ఆమె ఈ కొట్టు పెట్టుకుంది. తమ్ముణ్ణి చదివించింది కూడా ఈ కొట్టే.

రెండోరోజు బేరం మధ్యలో అమర్‌నాథ్ తెలియకుండానే, తమ వైపు అక్కని పిలిచినట్టు, "అప్పా, కూసింత మంచినీళ్ళియ్యే" అన్నాడు. ఆమె చేతిలోని తక్కెడ జారిపోయింది. తర్వాత చెంబు అతనికిచ్చి, తను కింద కూలబడింది.

"ఆడూ అలాగే అడిగినాడు బాబూ. 'అప్పా, నీళ్ళియ్యే' అన్నాడు. నానేమో బేరం సూసుకున్నాను. ఆ బేరగాడు రొయ్యపప్పు పొయ్యమంటాడు, మళ్ళీ తియ్యమంటాడు. సెంబు పట్టుకెళ్ళేతలికి అయిపోనాది." కొంగుతో మొహం తుడుచుకుంది. "ఈ మాట నానెవులకీ సెప్పలేదు. ఏటని సెప్పుకుంతాను?"

అమర్‌నాథ్ నీళ్ళు తాగి చెంబు ఆమె పక్కన పెట్టాడు.

ఆ మధ్యాహ్నమే కిరణ్మయి వచ్చింది. ఎండుచేపల వాసన మధ్య ఆమె సెంటు వాసన వింతగా ఉంది. నూకాలమ్మ వైపు ఒకసారి చూసి, ఆ చూపు నిలపలేక తిప్పేసుకుని, అమర్‌నాథ్‌ని అడిగింది.

"ఉప్పు తక్కువ చేప ఉందా?"

అది శాఖ కోడ్. అయితే పాతది. అమర్‌నాథ్ ట్రైనింగ్‌లో ఉన్న రోజుల్లో రాధాకృష్ణమూర్తి అనే సీనియర్ తన మనుషుల కోసం పెట్టుకున్నది. ఆ తర్వాత రద్దు చేశారు. జవాబు తెలిసినా అమర్‌నాథ్ చెప్పలేదు. లేదన్నాడు.

"చేపని వాసన చూడకుండా బేరం చేసే వర్తకుణ్ణి నేనెప్పుడూ చూడలేదు," అంది ఆమె మెల్లగా. "ఇందా పేటలో బస్టాపు ఎదురుగా మిఠాయి దుకాణం. మేడ మీద."

వెళ్ళాడు. కింద బస్సులూ ఆటోలూ ఒకటే రొద. ఆమె కళ్ళద్దాలు తీసేసింది. ఫొటోలో కనిపించిన నవ్వు మొహంలో ఎక్కడా లేదు.

తను రాధాకృష్ణమూర్తి మనిషినని చెప్పింది. ముఠాలోకి తనను పంపింది ఆయనేనని, తన సంగతి ఆయనకు తప్ప శాఖలో ఇంకెవరికీ తెలియదని చెప్పింది. ఏడాదిగా ఆయన నంబరుకి ఫోన్ చేస్తూనే ఉంది. ఎవరూ ఎత్తడం లేదు.

"ఆయన పోయి ఏడాది దాటింది," అన్నాడు అమర్‌నాథ్. "నిద్రలోనే పోయారు."

ఆమె మాట్లాడినప్పుడు విదేశీ కన్సల్టెంట్ గొంతు పోయి, వర్క్‌షాపు క్వార్టర్లలో పుట్టి పెరిగిన పిల్ల గొంతు బయటికొచ్చింది.

"నాకెవులూ సెప్పలేదు."

తర్వాత తమాయించుకుని అసలు విషయం చెప్పింది. కరెంటు ఇచ్చిన క్షణాన కంప్యూటర్‌కి ఏమీ తెలియదు. మెమరీ ఖాళీగా ఉంటుంది. ఆపరేటింగ్ సిస్టమ్ చాలా పెద్దది, దానంతటది లేవలేదు. అందుకని ప్రాసెసర్ లోపలే చెరపడానికి వీల్లేకుండా చెక్కిన చిటికెడు ప్రోగ్రాము ఒకటి ముందు మేల్కొంటుంది. తనకంటే కాస్త పెద్దదాన్ని పక్క చిప్పులోంచి తెచ్చి నిలబెట్టడం ఒక్కటే దానికి తెలిసిన పని. ఆ రెండోది మెమరీని సిద్ధం చేసి మూడోదాన్ని తెస్తుంది. మూడోది డిస్కులోంచి ఆపరేటింగ్ సిస్టమ్‌ని తెచ్చి, పగ్గాలు దాని చేతికిచ్చి తప్పుకుంటుంది. ఒక్కొక్కటీ తన తర్వాతిదాన్ని తెచ్చేముందు సంతకం చూస్తుంది. సంతకం సరిపోతే ఇంకేమీ అడగదు.

"రెండోదాన్ని మార్చేశారు," అంది కిరణ్మయి. "దాని మీద ప్రేమ్ సంతకమే ఉంది. సంతకం పెట్టే డిజిటల్ తాళం అతని లాప్‌టాప్‌లోంచి నేనే దొంగిలించి ముఠాకిచ్చాను. ఇవ్వకపోతే నన్ను అనుమానించేవాళ్ళు. ఇచ్చేసి మూర్తిగారికి చెబుదామనుకున్నాను. చెప్పడానికి ఆయన లేడు."

ఆ మారిన రెండోది మూడోదాన్ని పాడు చేస్తుంది, మూడోది సిస్టమ్‌ని పాడు చేస్తుంది. సిస్టమ్ లేచేసరికే అది ముఠా చేతిలో ఉంటుంది. లోపల ఎన్ని తనిఖీలు పెట్టినా అన్నీ బాగున్నాయనే చెబుతాయి. శనివారం రీస్టార్ట్ అయ్యాక క్యాబిన్ ప్యానెల్ మీద ఎర్రదీపం వెలుగుతుంది, బయట పట్టాల పక్కన అదే సిగ్నల్ పచ్చగా ఉంటుంది. పెట్రోలు ట్యాంకర్ల గూడ్సు నేరుగా ప్యాసింజర్ మీదకు వెళ్తుంది.

"ప్రేమ్‌కి తెలుసా?"

"నేనే చెప్పాను. అతను నన్ను ఒక్క మాటా అనలేదు. చివరిసారి క్యాబిన్‌కి వెళ్ళినప్పుడు, బోర్డు మీద ఖాళీగా ఉన్న రెండో చిప్పులోకి మంచి కాపీ ఎక్కించి వచ్చాడు. దాని పక్కన రెండు పిన్నులున్నాయి. పవర్ వచ్చే క్షణంలో ఆ రెంటినీ కలిపి పట్టుకుంటే, మొదటి ప్రోగ్రాము రోజూ చూసే చిప్పుని వదిలేసి దీన్ని చదువుతుంది. మీకు మెసేజ్ పెట్టమని చెప్పింది కూడా నేనే. ఆ మెసేజే వాళ్ళ కంటపడింది. వాళ్ళ పెద్ద ఇక్కడే ఉన్నాడు. అతనెవరో నాకూ తెలియదు, గొంతు మార్చే ఫోన్‌లోనే మాట్లాడతాడు."

అమర్‌నాథ్ లేచి కిటికీ దగ్గరకు వెళ్ళి కలకత్తాకి ఫోన్ చేశాడు. చీఫ్ అరగంటలో తిరిగి చేశాడు. రాధాకృష్ణమూర్తి ఫైళ్ళలో ఆ పేరు ఎక్కడా లేదు. ముఠా మనిషి పాత కోడ్ ఒకటి సంపాదించి కథ అల్లుతోంది. ఆ పిన్నులు కలిపితేనే ప్రమాదమేమో ఆలోచించుకో. ఆమెని అదుపులోకి తీసుకో. అక్కడ మనకు మనుషులు లేరు, విజయ్‌కుమార్ కారు వాడుకుని కలకత్తా పంపెయ్ అన్నాడు.

ముందు ఆధారం చూద్దామనుకున్నాడు అమర్‌నాథ్. విజయ్‌కుమార్ అతన్ని స్వయంగా క్యాబిన్‌కి తీసుకెళ్ళి పెట్టె తెరిచాడు. మర్యాదస్తుడు, తెల్లగా మడతనలగని చొక్కా. ప్రేమ్ పోయిన రోజు కలకత్తాలో మీటింగ్‌లో ఉన్నానని, చివరిచూపు కూడా దక్కలేదని, వాళ్ళక్క ఎవరో ఇప్పటికీ చూడలేదని బాధపడ్డాడు. అమర్‌నాథ్ టిఫిన్ బాక్సు క్లిప్పు చిప్పుకి తగిలించాడు. పచ్చదీపం వెలిగింది. సంతకం సరిపోయింది.

సరిపోతుందని కిరణ్మయి ముందే చెప్పింది. కానీ పచ్చదీపం కళ్ళెదుట ఉన్నప్పుడు ఒక మనిషి మాట ఎంతసేపు నిలుస్తుంది? రెండో చిప్పుని కూడా చదవబోతే, దానికి క్లిప్పు పట్టదని, అది ఖాళీ చిప్పని విజయ్‌కుమార్ చెప్పి మూత వేసేశాడు.

శనివారం ఉదయం స్టేషన్ బయట కారు ఆగింది. వెనక సీటు తలుపు అమర్‌నాథే తెరిచాడు. కిరణ్మయి డ్రైవర్ని చూసింది, విజయ్‌కుమార్ కంపెనీ పేరున్న స్టిక్కర్ని చూసింది, అమర్‌నాథ్‌ని చూసింది. ఆమె పారిపోయే ప్రయత్నం చెయ్యలేదు.

"మీ స్థానంలో నేనున్నా ఇదే చేసేదాన్ని," అంది. "నన్ను నమ్మొద్దు. పిన్నులు మాత్రం కలపండి."

కారు ఇందా వైపు తిరిగింది.

మధ్యాహ్నం క్యాబిన్‌లో పాత పవర్ సప్లై తీసేశారు. కంప్యూటర్ ఆరిపోగానే సిగ్నళ్ళన్నీ ఎరుపుకి వచ్చేశాయి, ఎక్కడి రైళ్ళు అక్కడే ఆగాయి. ట్యాంకర్ల గూడ్సు బయటి సిగ్నల్ దగ్గర నిలబడింది. అవతల మలుపులో ప్యాసింజర్ ఆగింది, తలుపుల దగ్గర జనం వేలాడుతున్నారు. రెండు పట్టాలూ కలిసే చోటు క్యాబిన్ కిటికీలోంచి కనిపిస్తోంది.

టెక్నీషియన్ కొత్త పవర్ సప్లై బిగించి ప్యానెల్ గదిలోకి వెళ్ళాడు. తెరిచిన పెట్టె దగ్గర ఇద్దరే మిగిలారు. విజిటర్ బ్యాడ్జీ జేబుకి పిన్నీసుతో గుచ్చుకుని అమర్‌నాథ్, మెయిన్ స్విచ్చి మీద చెయ్యి వేసి విజయ్‌కుమార్.

"ఈ పెట్టె ప్రేమ్ బిడ్డలాంటిది," అన్నాడు విజయ్‌కుమార్. "ఈ రోజు ఉండాల్సినవాడు. పాపం, నీళ్ళు అడిగి, అవి చేతికందకుండానే పోయాడు."

అమర్‌నాథ్ అతనివైపు తిరిగాడు.

"నీళ్ళు అడిగాడని ఎవరు చెప్పారు?"

"వాళ్ళక్కే చెప్పింది కదా."

"ఆవిడ ఎవరికీ చెప్పలేదు. మీరు ఆవిణ్ణి చూడనేలేదన్నారు. రొయ్యపప్పు బేరం చేసింది మీరు."

విజయ్‌కుమార్ స్విచ్చి పైకి నెట్టేశాడు.

కొత్త పవర్ సప్లై గుయ్యిమంది. దాని దీపం వెలిగి, కరెంటు నిలకడ కుదిరి, బోర్డుకి చేరడానికి ఒక్క ఊపిరి పడుతుంది. ఆ ఊపిరిలోనే అమర్‌నాథ్ విజయ్‌కుమార్‌ని భుజంతో గోడకు కొట్టాడు, జేబు చింపుకుని పిన్నీసు లాగాడు, బోర్డు మీదకు వంగాడు. రెండు పిన్నులూ బియ్యపు గింజంత ఎడంలో ఉన్నాయి. కిరణ్మయి అబద్ధం చెప్పి ఉంటే ఆ రెండు రైళ్ళలోని జనాన్నీ తనే చంపినవాడవుతాడు. పిన్నీసు రెంటి మీదా అడ్డంగా ఆనించి నొక్కాడు. వీపు మీద దెబ్బ పడింది. మెడ దగ్గరకు సూదితో వస్తున్న చేతిని రెండో చేత్తో పట్టుకున్నాడు. పిన్నీసు మాత్రం కదలనివ్వలేదు.

స్క్రీన్ మీద తెల్లటి అక్షరాలు నడిచాయి. మొదటి దశ మేల్కొంది. రెండో దశని రెండో చిప్పు నుంచి తెస్తోంది. సంతకం సరిపోయింది. మూడో దశని తెస్తోంది. దాని సంతకం సరిపోలేదు. పక్కనున్న కాపీని తీసుకుంటోంది.

ముఠా మూడోదాన్నీ ముందే మార్చింది. ప్రేమ్‌కుమార్ దానికి కూడా మంచి కాపీ పెట్టి వెళ్ళాడు.

సిస్టమ్ లేచింది. ప్యానెల్ గదిలో క్యాబిన్ మాస్టర్ దీపాలన్నీ ఎర్రగా ఉన్నాయని అరిచి చెప్పాడు. కిటికీలోంచి చూస్తే బయటి సిగ్నల్ కూడా ఎర్రగానే ఉంది. గూడ్సు కదల్లేదు.

రైల్వే పోలీసులు వచ్చి విజయ్‌కుమార్ చేతులు కట్టేశారు. అతని ఫోన్‌లో ముఠా నంబర్లన్నీ దొరికాయి, ఇంకా ఏ ఏ క్యాబిన్లలో చెడ్డ చిప్పులు పెట్టారో అవీ దొరికాయి. శాఖ అంతకంటే ఎక్కువ ఎప్పుడూ ఆశించలేదు. కిందకు దింపుతుంటే, కబురంది పరుగున వచ్చిన నూకాలమ్మ అతన్ని చూసి ఆగిపోయింది. "ఈడే, రొయ్యపప్పు బేరగాడు," అని మాత్రం అంది.

అమర్‌నాథ్ అప్పటికే ఇందా వైపు జీపులో ఉన్నాడు.

కారు ఇందా దాటాక రోడ్డు పక్క పొలం గట్టున నిలబెట్టి ఉంది. డ్రైవర్ లేడు. కిరణ్మయి వెనక సీట్లో తల వెనక్కి వాల్చి కూర్చుని ఉంది, ప్రయాణంలో కునుకు పట్టినట్టు. మెడ మీద చిన్న ఎర్రటి చుక్క. నల్లకళ్ళద్దాలు ఒళ్ళో ఉన్నాయి. అమర్‌నాథ్ ఆమె పక్కన కూర్చున్నాడు. పోలీసులు వచ్చి లెమ్మనే వరకూ లేవలేదు.

సాయంత్రం చీఫ్‌తో మాట్లాడాడు. గణపతిరావు గొంతు బరువుగానే ఉంది. డ్రైవర్ దొరికాడని, దేశం మొత్తం మీద ముఠాని ఊడ్చేశామని చెప్పాడు. అమర్‌నాథ్ ఆమె పేరు ఎత్తాడు.

"ఆమె మన మనిషి, సార్. ఆ సంగతి రికార్డులోకి ఎక్కాలి."

"నాకూ అర్థమైంది. కానీ ఆమెని తీసుకున్న ఆఫీసరు సంతకం లేకుండా ఎక్కించడానికి లేదు. ఆయన లేడు కదా, అమర్."

ఆసుపత్రిలో శవాన్ని ఎవరికి అప్పగించాలో తెలియక పోలీసులు కాయితాలు పట్టుకుని కూర్చున్నారు. ఆమె తల్లిదండ్రులు ఎప్పుడో పోయారు, క్వార్టరులో వేరేవాళ్ళున్నారు. అమర్‌నాథ్ గోల్‌బజార్ వెళ్ళి నూకాలమ్మకి మొత్తం చెప్పాడు. తాళం దొంగతనం కూడా దాచలేదు. నమ్మకుండా ఆ కారెక్కించింది తనేనని కూడా చెప్పాడు.

ఆమె విన్నంతసేపూ ఒక ఎండుచేప తోక తుంచుతూ కూర్చుంది. చివరికి అడిగింది.

"మావోడికి తెలిసినాక ఏటన్నాడు ఆ పిల్లని?"

"ఒక్క మాటా అనలేదంట, అప్పా."

"మరి నానేటంతాను?" కొట్టు తలుపు దించి తాళం వేసింది. "పద బాబూ."

పోలీసు బల్ల దగ్గర, మృతురాలు మీకేమవుతుందని రైటర్ బెంగాలీలో అడిగాడు. నూకాలమ్మ బెంగాలీలోనే, తమ్ముడి పెళ్ళామని చెప్పింది. పెళ్ళి ఎక్కడైందని అతను అడగలేదు. ఆమె కలం పట్టుకుని తెలుగులో పేరు రాసింది. ఆ రాత్రికి శవాన్ని వర్క్‌షాపు కాలనీకి తెచ్చారు. మర్నాడు పొద్దున కొందరు శవం వెంట నడిచారు, ఎప్పుడో ఊరు విడిచిన ఆమెని గుర్తుపట్టకపోయినా నూకాలమ్మ మరదలంటే సరిపోయింది. అమర్‌నాథ్ కూడా భుజం ఇచ్చాడు.

సోమవారం అతను సొంతూరి వైపు వెళ్ళే రైలెక్కాడు. రైల్లో ఎదురు సీట్లో గోల్‌బజార్ బట్టల వర్తకుడొకాయన విశాఖపట్నం పెళ్ళికి వెళ్తున్నాడు. రైల్వేని తిట్టడం మొదలుపెట్టాడు. మొన్న శనివారం ఆయన ఎక్కిన ప్యాసింజర్‌ని ఊరి బయట ఎర్రసిగ్నల్ దగ్గర ఊరికే ఆపేశారట. ఎండలో జనం మాడిపోయారట. ఎందుకు ఆపారో చెప్పే నాథుడు లేడట.

"అసలు వీళ్ళకి టైము విలువ తెలుసంటారా?" అన్నాడాయన. "మీరే చెప్పండి, అంత ఆలస్యమేమిటండీ?"

అమర్‌నాథ్ కిటికీలోంచి చూశాడు. క్యాబిన్ వెనక్కి పోతోంది.

"నిజమేనండీ," అన్నాడు. "చాలా ఆలస్యమైంది."